దుమ్మనుకుని తుడిచిన ముఖం

నలభై దాటాక కాశమ్మ చేతికి రంగు సుద్దలు వచ్చాయి. అంతవరకూ ఆ చేతికి తెలిసిన రంగు ఒక్కటే, ఎర్రమట్టి జాజు. బంట్వారం పక్క పల్లెలో పుట్టిన కురుమల ఆడబిడ్డ ఆమె. ఉన్ని కత్తిరించిన రోజున, వేరే మందలో కలిసినా గుర్తుపట్టేలా గొర్ల వీపులకు అరచేత్తో ఎర్రజాజు పూసేది. మేత బీళ్లకు కంచెలు పడ్డాక మందను అమ్ముకుని, భర్త బాలప్పతో తాండూరు చేరింది.

బాలప్ప నాపబండల పాలిష్ యూనిట్లో అంచులు కోసే మిషన్ దగ్గర కుదిరాడు. కోసేటప్పుడు నీళ్లు వదిలితే దుమ్ము లేవదు. ఆ నీళ్ల ఖర్చు యజమాని చంద్రశేఖర్‌కు దండగ అనిపించింది. బాలప్ప ఊపిరితిత్తులు చవకగా దొరికాయి. ఇప్పుడు మంచం నుంచి గుమ్మం దాకా నడిస్తే అతనికి ఆయాసం. జన్మలో బీడీ ముట్టని మనిషిని, బీడీలు తాగి చెడ్డాడని చంద్రశేఖర్ ఊరంతా చెప్పి చేతులు దులుపుకున్నాడు. కాశమ్మను కాల్చింది ఆ మాటే.

సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పే కరుణ ఆదివారాలు కూలీల వాడకు వచ్చి ఆడవాళ్లకు బొమ్మలు నేర్పేది. కాశమ్మ మొదట్లో సుద్దను బలపంలా పట్టుకుని బాలప్ప ముఖం చుట్టూ శుభ్రంగా గీత గీసింది. కరుణ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

“గీత మంచిగనే ఉంది కాశమ్మక్కా. మనిషే లేడు.”

సుద్దను విరిచి, ముక్కను అడ్డంగా పడుకోబెట్టి లాగడం కరుణ చూపించింది. అంచులు గీయొద్దంది. వెలుగు పడే చోటును రంగుతో నింపితే మనిషి తనంతట తానే బయటికి వస్తాడంది.

“కోపమున్న కాడ గట్టిగ ఒత్తు. ప్రేమ, పావురమున్న కాడ ఏలితోని రుద్దు.”

ఆ మాటతో కాశమ్మ అరచేతికి పాత పని గుర్తొచ్చింది. బాలప్పను వాకిట్లో, సుద్ద పొడి అతని మీదికి పోకుండా గాలి వచ్చే దిక్కున కూర్చోబెట్టి, తను ఎడంగా కూర్చుని గీసేది.

“రాతి దుమ్ము సాలదని సుద్ద దుమ్ము తెచ్చినవా?” అని బాలప్ప ఎగతాళి చేసేవాడు. అయినా కదలకుండా కూర్చునేవాడు.

ఎన్నో కాగితాలు చెడిపోయాక, నల్ల కాగితం మీద ఒక బొమ్మ నిలబడింది. కనుబొమల మీద, రెప్పల మీద, భుజాల మీద తెల్లసుద్ద విరిగిపోయేంతగా ఒత్తింది. బండల దుమ్ముతో పని దిగి ఇంటికొచ్చిన బాలప్ప అచ్చం అలాగే ఉండేవాడు. పెదాలను మాత్రం వేలితో మెల్లగా రుద్దింది. రొమ్ము మీద ఏ రంగూ పెట్టలేదు. అక్కడ నల్ల కాగితమే.

కరుణ దాన్ని వికారాబాద్‌లో జరిగే ప్రదర్శనకు ఎంచింది. కార్మిక శాఖ అధికారి వస్తున్నాడని తెలిసి, కాశమ్మ ఒకటే ఆశ పెట్టుకుంది. ఆ సారు ఒక్కసారి ఈ ముఖం చూస్తే చాలు, బీడీ మాట అబద్ధమని అర్థమవుతుంది. సుద్ద పొడి రాలకుండా పట్టి ఉంచే మందు ఒకటుంది. దాని వాసనకు బాలప్పకు దగ్గు తెగదని ఇంటి దగ్గర కొట్టలేదు, హాల్లోనే కొడదామనుకున్నారు. పైన పల్చటి కాగితం కప్పి, రెండు అట్టల మధ్య పెట్టి రైల్లో భద్రంగా తెచ్చారు. హాల్లో అట్టలు విప్పి, పై కాగితం తీసి బొమ్మను గోడకు ఆనించారు. కరుణ మందు సీసా తేవడానికి, కాశమ్మ మంచినీళ్లకు బయటికి వెళ్లారు.

తిరిగొచ్చేసరికి హాలు ఊడ్చే మొగులమ్మ తడిగుడ్డ పిండుతోంది. కాగితం మీద ముఖం లేదు. బూడిదరంగు మరక ఉంది. ఇద్దరి ముఖాలు చూశాక గానీ మొగులమ్మకు తను చేసిందేమిటో తెలియలేదు.

“మొఖం మీద దుమ్ము పడ్డదనుకున్న అక్కా. మా ఆయన గూడ తాండూర్ల బండలు కోసిండు. ఆయన ఫోటువను రోజు గిట్లనే తుడుస్త.”

కాశమ్మ ఆమెను తప్పుపట్టలేదు. ఏమని అంటుంది? ఇంట్లో బియ్యం డబ్బా నుంచి దేవుడి పటం దాకా తనూ రోజూ అలాగే తుడుస్తుంది. బొమ్మ తీసేద్దామని నిర్వాహకులు అంటే మాత్రం ఒప్పుకోలేదు. మరకనే గోడకు తగిలించి పక్కన నిలబడింది.

అధికారి వచ్చాడు. పక్కనే చంద్రశేఖర్. ఆ పూట అందరికీ భోజనాలు పెట్టించింది ఆయనే. ఇదేమిటని అధికారి అడిగాడు.

“మా ఆయన సార్. ఈ సారు యూనిట్లనే బండలు కోసిండు. దుమ్ము తిని మంచాన పడ్డడు.”

“ముఖమేదమ్మా?”

కాశమ్మ నోరు తెరిచేలోపు చంద్రశేఖర్ నవ్వి, ఇప్పుడు బొమ్మలు ఇట్లాగే వేస్తున్నారు సార్, మోడ్రన్ ఆర్ట్ అన్నాడు. అధికారి బాగుందన్నట్టు తల ఊపి పక్క బొమ్మకు కదిలాడు. అది నెమలి. దాని ముందు నిలబడి ఫోటో దిగాడు.

కాశమ్మ ఇల్లు చేరేసరికి బాలప్ప గోడకు ఆనుకుని ఎదురుచూస్తున్నాడు.

“సారు సూసిండా?”

“సూసిండు.”

“నేను మంచిగొచ్చిన్నా?”

“మంచిగనే వచ్చినవ్. దుమ్మే కనవడలే.”