తాత నీళ్లు కొట్టిన కేకు

ఒంటి గదులు వరసగా ఉండే మా చాలీలో అంతకుముందు ఎవరూ ఇంట్లో కేకు చేసిన పాపాన పోలేదు. కేకంటే బేకరీ అద్దాల వెనక ఉండేది, దారిన పోతూ చూసేది. అలాంటిది పదహారేళ్ల వయసులో, కామాటిపురాలో మేముండే ఒంటి గదిలో, కిరోసిన్ స్టవ్ మీద కేకు చేసి తెస్తానని నేను ఒప్పుకుని వచ్చాను. ఎనభైల నాటి సంగతి. ఇప్పుడు తలుచుకుంటే నా ధైర్యానికి నేనే దండం పెట్టాలనిపిస్తుంది.

బైకల్లాలో ఒక ముసలి క్రైస్తవ అమ్మగారు ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇచ్చేది. మా అమ్మ ఆమె ఇంట్లో గిన్నెలు తోమేది. పదో తరగతి అయ్యాక నేనూ అమ్మ వెంట వెళ్లి, తోమిన గిన్నెలు తుడిచే నెపంతో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసేదాన్ని. వెన్నా చక్కెరా గిలక్కొట్టే చప్పుడికే నాకు నోరూరేది. కేకుల పనిలో ఆమెకు సాయం చేసే మనిషి ఊరికి వెళ్లిపోయిందని తెలిసిన రోజున, ముందూ వెనకా చూడకుండా, "నేను చేస్తాను" అనేశాను. అమ్మ చేతిలో గిన్నె జారింది. అమ్మగారు కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి హిందీలో ఒకే మాట చెప్పింది. మీ ఇంట్లో, మీ పొయ్యి మీద ఒక కేకు చేసి ఆదివారం చర్చి అయ్యాక పట్టుకురా, లోపల పచ్చిగా లేకపోతే సోమవారం నుంచి పనిలోకి రా అని.

పచ్చిగా ఉంటే ఏమవుతుందో కూడా తేలిపోయింది. అమ్మ అప్పటికే బీడీల సేటుతో మాట్లాడేసింది. సోమవారం నుంచి నా పేర కూడా ఆకూ తంబాకూ వస్తాయి. తంబాకు వాసన తగిలితే ఊపిరి తిరగకుండా తుమ్మే మనిషిని నేను. మా చాలీలో సగం ఇళ్లు ఆ పని మీదే బతికాయి, దాన్ని చిన్నచూపు చూడను. కానీ నాకది వద్దు. నాకు వెన్న కావాలి, వెనిలా కావాలి, ఆ వంటింటి గుమ్మానికి అవతలి పక్క కావాలి. అంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు.

మాకు ఓవెన్ ఎక్కడిది? పెద్ద డేగిసాలో ఇసుక పోసి వేడి చేసి, అందులో కేకు డబ్బా పెట్టి, మూత మీద బొగ్గులు పేర్చాలని విన్నాను. ఇసుక అనే మాట చెవిన పడగానే మా తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. తాత మేస్త్రి. నాన్నదీ అదే పని, అప్పుడు వేరే ఊళ్లో సైటు మీద ఉన్నాడు. తాత పని మానేసి మూడేళ్లయినా గోడ కనిపిస్తే వేళ్లతో తట్టి చూడకుండా ముందుకు నడవడు.

"రేతి సంగతి నాకిడిచిపెట్టు బిడ్డా" అని చొక్కా వేసుకుని వర్లి వెళ్లాడు. అక్కడ ఏదో బిల్డింగు పనిలో తెలిసినవాళ్లను పట్టుకుని, సంచెడు ఇసుక మోసుకుని బస్సులో వచ్చాడు. దాన్ని నల్లా దగ్గర కడిగాడు. గదుల ముందు అందరూ నడిచే గ్యాలరీలో ఎండబెట్టి మూడుసార్లు జల్లించాడు. దారికి అడ్డం వచ్చిందని ఆడవాళ్లు అడిగారు.

"ఏం గడుతున్నవ్ మామా ఈడ?"

"కేక్ గడుతున్న" అన్నాడు తాత, తలెత్తకుండా.

శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. మా గదిలో కాలు పెట్టే చోటు లేదు. శనివారం గుడ్డు ముట్టని పక్కింటి అత్త కొంగుతో ముక్కు మూసుకుని చక్కెర దంచిపెట్టింది. గిలక్కొట్టే యంత్రం లేదు గనక గిన్నె చేతులు మారింది. ఒకే వైపు తిప్పాలని నేను చెబితే, పొరపాటున రెండో వైపు తిప్పినావిడను అందరూ కలిసి తిట్టారు. ఆవిడ నవ్వాపుకోలేక గిన్నె మీదే తుమ్మబోతే అమ్మ మెడ పట్టుకుని బయటకు తోసింది. చాయ్ గ్లాసుతో కొలిచిన మైదా నా జుట్టులో, అమ్మ కనుబొమల మీద, గడప మీద కూడా పడింది.

తాత తన తాపీ కడిగి తెచ్చి, పిండిలో ముంచి చూశాడు.

"మాల్ పల్చగైంది" అన్నాడు.

"అది సిమెంటు గాదు తాతా."

"ఏదైతేంది, మాల్ మాలే."

స్టవ్ ఒక పక్కకు ఒరిగిందని దాని కాలి కింద పెంకుముక్క దూర్చాడు. డబ్బాలో పోసిన పిండిని తాపీతో నున్నగా చదును చేశాడు. ఇక మూత పెట్టాక నన్ను కూడా దగ్గరకు రానివ్వలేదు. కాసేపటికి వెనిలా వాసన గ్యాలరీ దాటి, మెట్లు దిగి, గల్లీలోకి పోయింది. కింద దుకాణం వాడు పైకి తలెత్తి ఎవరింట్లో ఏం జరుగుతోందని అరిచాడు. మేమంతా ఏ కారణమూ లేకుండా నవ్వుతున్నాం.

మూత తీస్తే కేకు బంగారు రంగులో పొంగి ఉంది. నడిమధ్యన మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక పగులు. నేను గంతులేశాను. తాత ముఖం వాడిపోయింది.

"పగిలింది గదా బిడ్డా."

"కేకు గట్లనే పగులుతది తాతా. అమ్మగారిది సుత పగులుతది."

తాత తలూపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. పగులు చూసి చేతులు కట్టుకుని కూర్చునే మేస్త్రి లోకంలో ఉండడని నాకు తట్టలేదు.

ఆదివారం పొద్దున నల్లా వచ్చే వేళకు తాత లేచాడు. తర్వాత నేను లేచి చూస్తే కేకు మీద తడిపిన ధోవతి గుడ్డ పరిచి ఉంది. పక్కన చెంబు. ఆ చెంబులో నీళ్లు సగమే ఉన్నాయి.

"నీల్లు కొట్టిన" అన్నాడు తాత తృప్తిగా. "రెండుసార్లు. ఎండితే పగులు ఇంక పెద్దగైతది. అసలైతే ఏడు దినాలు కొట్టాలె, నీకు టైం లేదాయె."

కొత్తగా వేసిన స్లాబుకు మా వాళ్లు తడి గోనెలు కప్పి రోజూ నీళ్లు కొడతారు. జీవితమంతా అదే చేసిన మనిషి నా కేకుకూ అదే చేశాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది, అయినా నవ్వు ఆగక గోడకు జారగిలబడింది. నేను కింద కూలబడి ఏడ్చాను. ఏడుస్తుండగానే నాకూ నవ్వొచ్చింది, దాంతో ఇంకా కోపమొచ్చింది. మళ్లీ చేద్దామంటే గుడ్లు లేవు, స్టవ్‌లో కిరోసిన్ చుక్క లేదు. కేకును గ్యాలరీ ఎండలో పెట్టాం. అమ్మ చీపురు పట్టుకుని కాకులను తోలుతూ నిలబడింది. మా ముఖాలు చూసి తాతకు ఎక్కడో ఏదో తప్పు జరిగిందని అర్థమైంది. వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

ఫాక్‌లాండ్ రోడ్డు దాటి బైకల్లా దాకా ఆ డబ్బాను తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాను.

అమ్మగారు కేకు పైన వేలితో నొక్కింది. వేలికి తడి అంటింది. ఊలు అల్లే సూది ఒకటి తెచ్చి నిలువునా గుచ్చి తీసింది. పిండి అంటలేదు కానీ సూది చెమ్మగా ఉంది. ఇదేమిటని అడిగింది. అబద్ధం ఏదీ సమయానికి నోటికి రాలేదు. మా తాత మేస్త్రి అనీ, పగులు చూసి ఉండబట్టలేక నీళ్లు కొట్టాడనీ చెప్పేశాను.

ఆమె కళ్లద్దాలు తీసింది. భుజాలు ఊగుతుంటే కోపమనుకున్నాను. నవ్వు. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడి నీళ్లు తాగింది. క్రిస్మస్ కేకును తాను కూడా నెల ముందే చేసి, గుడ్డలో చుట్టి, రోజు విడిచి రోజు చెంచాతో రమ్ము తాగిస్తానని చెప్పింది. "మీ తాతకు పని తెలుసు. పోసింది నీళ్లు, అదొక్కటే తప్పు" అంది. పైన నానిన పొర చాకుతో తీసి, కింది ముక్క నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలింది. లోపల ఉడికింది అంది. నేను సోమవారం ఎన్నింటికి రావాలని అడగబోతే, సోమవారం దేనికి, సాయంత్రానికి ఆర్డరుంది, చేతులు కడుక్కో అంది.

మధ్యాహ్నం మూడింటి దాకా వెన్న గిలక్కొట్టాను, మైదా జల్లించాను. చేతులు లాగేస్తున్నా పాడుకుంటూ చేశాను. తిరిగి వచ్చేటప్పుడు నడిచానో పరుగెత్తానో గుర్తు లేదు.

తాత ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. పొద్దున్నుంచి అన్నం ముట్టలేదట, అమ్మ పిలిచి పిలిచి విసిగిపోయిందట. నేను రమ్ము సంగతీ నవ్వు సంగతీ ఒక్క గుక్కలో చెప్పాను. పని దొరికిందని మూడుసార్లు చెప్పాను. తాత నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, వేలు వెలుతురుకు తిప్పి, గోరు కింద ఇరుక్కున్న తెల్లటి దాన్ని తన బొటనవేలి గోటితో తీశాడు. నాలుక మీద పెట్టుకుని చూశాడు.

"మైదానా?"

"మైదానే తాతా."

"మా అయ్య గోర్లల్ల సున్నం ఇరికేది. నా గోర్లల్ల, మీ నాయిన గోర్లల్ల సిమెంటు. తినేది ఇరికింది నీకే బిడ్డా."

ఆ మాట అని నా చెయ్యి వదలకుండానే, గ్యాలరీ అంతా వినేట్టు అమ్మను పిలిచి, తనకు అన్నం పెట్టమన్నాడు.