దీపం గూటి మట్టి

నమ్మేవాళ్ళు నమ్మండి, నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఆ రాత్రి నేను మేలుకునే ఉన్నాను. కల కాదు. కలే అయితే పొద్దున్నే గోడకు ఆ గుర్తు ఉండేది కాదు కదా... అదే చెబుతున్నాను, వినండి.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన తరువాతి మాట. మేం పల్లె వదిలి పట్నం వచ్చాం. నాంపల్లిలో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాం. మా ఆయన స్టేషన్ పక్క గోదాములో మూటలు మోసేవాడు. నాకు నెలలు నిండుతున్నాయి. ఇల్లుగలామె మంచిదే, కానీ ఒక మాట ముందే చెప్పేసింది. పురుడు మాత్రం తన ఇంట్లో వద్దని. మైల అట. అప్పట్లో చాలామంది అంతే. దవాఖానా పేరెత్తితే నాకు వణుకు. మరి ఎక్కడ కనాలి? రైలు పట్టాల పక్కనా?

గోదాము వెనక ఇంత ఖాళీ జాగ ఉంటే, గోదాము సేటు ఇల్లు కట్టుకోమన్నాడు.

కట్టింది నలుగురం. మా ఆయన, ఆయన అక్క రాజవ్వ, మా ఊరివాడే యాదగిరి, నేను. రాజవ్వ వదినె చేతిలో మట్టి చెప్పిన మాట వినేది. యాదగిరి బూడిదతో నేల మీద గీతలు గీసి, ఇదే ఇల్లు అన్నాడు. ఇక ఆ గీతల మీద కొట్లాట. తలుపు ఎటు, పొయ్యి ఎటు. యాదగిరికి రైళ్ళు కనబడే కిటికీ కావాలి.

"రైలు జూసుకుంట గూసుంటే నీకు బువ్వెవడు పెడ్తడురా? పొగ పోయెటట్టు పెట్టు, సాలు," అంది వదినె.

చెరిపేవాళ్ళు, మళ్ళీ గీసేవాళ్ళు. నన్ను అడిగితే ఏం చెప్పను... నొప్పులొచ్చే నాటికి గోడలు నిలబడి ఉంటే చాలన్నాను.

మట్టి గోడ తొందరపడితే అయ్యేది కాదు. మూరెడు ఎత్తు వరుస పెట్టాలి. అది ఆరాలి. దాని మీద ఇంకొకటి. పచ్చి మీద పచ్చి పెడితే కూలుతుంది. అవతల మిరుగు కార్తె తొలి వానలు దగ్గరపడుతున్నాయి. ఇవతల నా రోజులూ దగ్గరపడుతున్నాయి.

ఆబిడ్స్‌లో పాత మట్టి ఇల్లొకటి పడగొట్టి దుకాణాలు కడుతున్నారని తెలిసింది. పాత గోడ మట్టి దొరకడమే అదృష్టం. ఎప్పుడో బాగా తొక్కిన మట్టి, పగుళ్ళు రావు. మగవాళ్ళిద్దరూ తోపుడు బండి తీసుకుని బయలుదేరారు. వదినె ఒక్కటే చెప్పి పంపింది. దీపం గూడు ఉన్నచోటి మట్టి మాత్రం తేవద్దని. ఆ ఇంటి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి దీపం పెట్టుకున్న చోటు, అది వాళ్ళదే, మనది కాదు అంది. వీళ్ళు తలూపారు. బండెడు మట్టి తెచ్చారు.

మట్టి నానబెట్టి, గడ్డి కలిపి తొక్కుతున్నాం. యాదగిరి ఆగి తన కాలు చూసుకున్నాడు. మడమకు నల్లటి మసి. నూనె జిడ్డు. అప్పటికే ఆ దీపం గూటి పెల్ల చితికి మట్టిలో కలిసిపోయింది. వదినె తిడుతుందనుకున్నాం. తిట్టలేదు.

"ఇగ కలిసింది గద. కలిసినదాన్ని ఏరుతమా," అంది. అంతే.

ఆ మట్టితోనే పడమటి గోడ మొదటి వరుస పెట్టాం. పాత మట్టిలో ఉప్పు ఉంటుంది, పశువులు వచ్చి నాకుతాయి. అందుకని ఆ రాత్రి కాపలాకు వదినె, నేను అక్కడే చాప వేసుకున్నాం. మగవాళ్ళకు గోదాములో సరుకు దించే పని. దీపం ఆర్పేశాం. ఏదో బండి కూత వేసి వెళ్ళిపోయింది. తరువాత అంతా సద్దుమణిగింది...

తప్... తప్... తప్...

తడి మట్టిని అరచేత్తో తట్టే చప్పుడు. వదినెకు పని నచ్చకపోతే లేచి మళ్ళీ మెత్తేది, అదే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కానీ అది మెత్తే తట్టుడు కాదు. నిదానంగా... ఒకే తీరుగా... పిల్లను జోకొట్టినట్టు. సాయంత్రం నుంచి కడుపులో తెగ మెదులుతున్న బిడ్డ మెల్లగా సద్దుకుంది. నాకూ రెప్పలు బరువెక్కాయి.

"సాలు తియ్ వదినె, పండుకో," అన్నాను.

"పండుకొనే ఉన్న గద."

ఆ మాట నా వీపు వెనక నుంచి వచ్చింది. చప్పుడు నా ముందు నుంచి.

తప్... తప్...

వదినె చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పొడిగా ఉంది ఆ చెయ్యి. మట్టి లేదు.

"ఆవేమో..." అన్నాను.

"ఆవుకు చేతులుంటయా."

చప్పుడు ఆగలేదు. ఎంతసేపో. అప్పుడు వదినె, గోడ అవతలి ఇంటామెతో మాట్లాడినట్టు, మెల్లగా అంది. "అక్కా, ఈ పిల్లకు నెలలు నిండినయి. జర మెల్లగ."

చప్పుడు మెల్లగైంది.

ఒట్టు... మెల్లగైంది. ఇంకా మెల్లగై, ఇంకా... ఎప్పుడు ఆగిందో తెలియదు. నిద్రపోయాను. అలాంటి రాత్రి ఎలా నిద్ర పట్టింది అంటారు. పట్టింది.

తెల్లారి చూస్తే, పడమటి గోడలో ఒక గూడు. నేల నుంచి జానెడు ఎత్తులో, ఒక ప్రమిద పట్టేంత. లోపల నున్నగా ఉంది. తవ్వి తీసిన మట్టి కింద ఎక్కడా లేదు. మేం మెత్తేటప్పుడు చెయ్యి పై నుంచి కిందికి లాగుతాం. అక్కడ వేళ్ళ గీతలు కింది నుంచి పైకి ఉన్నాయి.

యాదగిరి వదినె మీద గయ్యిమన్నాడు. "దీపం గూడు నిలబడ్డ మనిషికి అందాలె. గింత కింద ఎవలన్న పెడ్తరా? కింది వరుసల గుంత ఉంటే గోడ ఆగుతదా?"

"నేను జేస్తే జేసిన అనే అంట. నాకేం సిగ్గా," అంది వదినె.

యాదగిరి పిడికెడు మట్టి తీసుకుని గూడు నింపబోయాడు. అతని భయమూ నిజమే. ఆ గోడ కూలితే మళ్ళీ కట్టే వ్యవధి మాకు లేదు. మా ఆయన నా ముఖం చూశాడు.

"నింపకు అన్నా," అన్నాను. "ఈడ పండేది నేను. నాకు భయమైతలేదు."

దాని మీదే వరుసలు లేపాం. పైకప్పుకు పెంకు సగం పడేసరికి వాన మొదలైంది. అదే రాత్రి నొప్పులు. పెంకు పడిన వైపు పడమటి గోడ పక్కనే వదినె చాప వేసింది. నా పెద్దబిడ్డ అక్కడే పుట్టింది. గోడ ఇంత కూడా కదల్లేదు.

వదినె వేన్నీళ్ళకు అవతలికి వెళ్ళింది. వాన గాలికి ఆ గూట్లో పెట్టిన దీపం సన్నబడింది. చీకట్లో బిడ్డ ఏడ్చింది. లేవలేను. పక్కకు తిరిగి ఉన్నదాన్ని ఉన్నట్టే చెయ్యి చాపాను... వత్తి సరిగ్గా నా వేళ్ళకు అందింది. మోచెయ్యి కూడా ఎత్తలేదు. ఎగదోశాను. బిడ్డ ముఖం కనబడింది.

వదినెను ఆమె పోయేదాకా అడుగుతూనే ఉన్నాను. "నేనైతే గాదు పిల్లా," అనే అంది. పడుకుంటే నా చెయ్యి ఎంత దూరం అందుతుందో అప్పటికి నాకే తెలియదు. మరి ఆ గూడు పెట్టినవాళ్ళకు ఎలా తెలిసిందో...