బువ్వ అన్నందుకు

సినిమా వాళ్ళ మీద నాకెంత కోపమో తెలియాలంటే, ముందు సినిమాలంటే ఎంత పిచ్చి ఉండేదో చెప్పాలి. కర్నూలు రాజధాని అయిన కొత్తలో నాది పెళ్ళీడు. ఊరవతల ఖాళీ జాగాలో డేరా హాలు వేసేవారు. బొమ్మ మారినప్పుడల్లా మొదటి ఆటకు ఆడవాళ్ళ వైపు నేల మీద నేను ఉండాల్సిందే.

అన్నీ నచ్చేవని కాదు. కోడలు సినిమా అంతా ఏడ్చి ఏడ్చి, చివరి రీలులో అత్తగారి కాళ్ళ మీదే పడే కథలంటే ఒళ్ళు మండేది. తప్పు చేసిందెవరు, కాళ్ళు పట్టుకునేదెవరు? పౌరాణికాల్లో పద్యం ఎప్పుడైపోతుందా అని చూసేదాన్ని. కానీ ఒక హీరోయిన్ ఉండేది. ఆమె ఉందంటే ఎంత చెత్త కథనైనా క్షమించేసేదాన్ని. ఆమె పేరు చెప్పను. ఆ పేరు నా నోటితో పలకడం మానేసి చాలా కాలమైంది. ఆమె "భోజనం చేశారా అండీ" అని భర్తను అడిగితే, తెలుగంటే ఇదీ అనిపించేది. అద్దం ముందు ఆ మాటే అని చూసుకునేదాన్ని.

మా ఇంటి ముందు భాగంలో కృష్ణా జిల్లా వాళ్ళు అద్దెకు దిగారు. ఆయన సర్కారు గుమాస్తా. పగలంతా డేరా కింద పెట్టిన ఆఫీసులో ఉడికిపోయి, సాయంత్రానికి మొహం కందగడ్డలా చేసుకుని వచ్చేవాడు. ఆయన భార్యను నేను అక్కయ్యా అనేదాన్ని. ఆమెకూ నాలాగే సినిమా పిచ్చి, అదీ ఆ హీరోయిన్ పిచ్చే. ఇంకేం, ఇద్దరికీ జత కుదిరింది.

మా అవ్వ, అంటే నాన్న తల్లి, పొద్దున లేస్తే వీధి అరుగు మీదే. నాపరాయి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, దారినపోయే ప్రతి మనిషినీ పలకరించేది. వాళ్ళు దిగిన మర్నాడే అక్కయ్యను "బువ్వ తింటివా మ్మా?" అని అడిగింది. అక్కయ్య వాళ్ళ వైపు బువ్వ అనేది చంటిపిల్లలతో అనే మాటట. తనను చంటిపిల్లను చేసి అడిగిందనుకుని ఆమె మురిసిపోయింది. వాళ్ళమ్మ పోయాక అలా అడిగినవాళ్ళే లేరని కళ్ళు తుడుచుకుంది. మా వైపు ముసలివాళ్ళు కూడా తినేది బువ్వేనని చెప్పినా వినలేదు. అప్పటి నుంచి రోజూ అవ్వ అడగడం, ఆమె "తిన్నాను మామ్మగారూ" అనడం. తినకుండానే తిన్నానంటే అవ్వ ఇట్టే పసిగట్టి సంగటి ముద్ద చేతిలో పెట్టేది.

అవ్వ మాత్రం సినిమాకు రాదు. ఆ మాటలన్నీ పుస్తకం చదివినట్టు ఉంటాయని, తనకు తలకెక్కవని అనేది. ఒకరోజు జట్కాకు మైకు కట్టుకుని వచ్చినవాడు, మన సీమ మాట మొట్టమొదటిసారి సినిమాలో వినండని అరుచుకుంటూ పోయాడు. పైగా అందులో హీరోయిన్ ఆమే. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అవ్వను బతిమాలి ఒప్పించాను. ఒంటిమిట్ట తిరనాళ్ళకు మాత్రమే తీసే చీర కట్టుకుని వచ్చింది.

హీరోయిన్ కొత్తకోడలుగా పెద్ద ఇంట్లో అడుగుపెట్టింది. మా సీమ మాట ఎప్పుడొస్తుందా అని నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. వచ్చింది. బుట్టంత తలపాగా, చెవుల దాకా మీసాలు పెట్టిన వంటమనిషి ఆమె ఎదుట నిలబడి, "బువ్వ తింటివా మ్మా?" అన్నాడు. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. లోపలికి పరుగెత్తి, "విన్నారా? బువ్వ తింటివా మ్మా!" అని వాణ్ణి వెక్కిరిస్తూ భర్తకు చెప్పింది. ఆయనా నవ్వాడు.

డేరా ఎగిరిపోయేలా నవ్వారు. సరిగ్గా అప్పుడే రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. నవ్వుతున్నది మా ఊరివాళ్ళే. రోజూ బువ్వ తినేవాళ్ళే. నా పక్కన అక్కయ్య కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. అవ్వ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూస్తోంది.

ఇంటికి వచ్చేటప్పుడు, అక్కయ్య కాస్త ముందు నడుస్తుంటే, అవ్వ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఆయప్ప ఏం తప్పు మాట్లాడె పాపా? ఎందుకట్ల నగిరి అందరూ? బువ్వ తింటివా అనేది తప్పా?"

తప్పు కాదన్నాను. నా మాట ఆమె నమ్మలేదు.

మర్నాడు అక్కయ్య వాకిట్లోకి రాగానే అవ్వ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. తల మాత్రం ఆడించింది. ఇంట్లో మాతో మామూలుగానే మాట్లాడేది. అక్కయ్య ఎదురైతే నవ్వు, తల ఊపడం, అంతే. మామ్మగారికి తన మీద కోపమా అని అక్కయ్య నన్ను అడిగింది. కోపమైతే బాగుండేది, రెండు రోజుల్లో పోయేది. అది సిగ్గు. ఆ వయసులో మా అవ్వకు తన నోరంటే తనకే సిగ్గేసింది.

నేను హీరోయిన్‌ను తిట్టిపోస్తే, ఎవరో రాసిన మాటలకు ఆమేం చేస్తుందని అక్కయ్య వెనకేసుకొచ్చింది. రాసిన మాటలకు ఏడ్చినప్పుడు గొప్పంతా ఆమెదన్నాం కదా, రాసిన మాటలకు నవ్వినప్పుడు తప్పు మాత్రం రాసినవాడిదా? ఆమె ఏడిస్తే ఏడ్చాను, నవ్వితే నవ్వాను. నా మనిషనుకున్నాను. ఆ మనిషే మా అవ్వను చూసి నవ్వితే నేనేం చెయ్యాలి? నమ్మించి మోసం చేసింది. ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, గుమాస్తాలూ పోయారు. సామాను బండికెక్కించాక అక్కయ్య వచ్చి అవ్వ కాళ్ళకు దండం పెట్టి, చేతులు పట్టుకుని ఏడ్చింది.

"మామ్మగారూ, వెళ్ళిపోతున్నాను. ఎప్పుడూ అడిగేవారే, ఒక్కసారి అలా అడగండి."

అవ్వ పమిట సర్దుకుంది. నా వైపు ఒకసారి చూసింది. నేను అద్దం ముందు అని చూసుకునే మాటలన్నీ వినేదేమో, ఆగి ఆగి, జాగ్రత్తగా పలికింది.

"భోజనం చేశారా అండీ?"

ఒక్క అక్షరం తప్పు పోలేదు. అచ్చం ఆ హీరోయిన్ అన్నట్టే అంది.