కళ్ళు మూసుకుని గీసిన మా చిన్నమామ

మా చిన్నమామ, అమ్మకు తమ్ముడు, పోయిన సోమవారం కన్నుమూశారు. బంగారు గనుల ఊరు కోరమండల్‌లో, పాత గని కార్మికుల ఇళ్ళ వరుసలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆయన మాట నమ్మినవాళ్ళే తక్కువ. నమ్మనివాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అంగళ్ళకు బోర్డులు రాసి బతికారు. తనకోసం వేసుకున్న బొమ్మలు వేరు. చేపకు తలుపులు, చెట్టుకు చెవులు. అధివాస్తవిక చిత్రాలు అనేవారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కి, పొట్టు టీ గ్లాసులో వేసి, కళ్ళు మూసుకుని చేతిని దాని దారిన వదిలేసేవారు. “నేను గీయలేదమ్మా, చెయ్యి గీసింది” అనేవారు.

ఓరగా చూస్తున్నారని నా అనుమానం. ఒకరోజు నా చున్నీతో ఆయన కళ్ళకు గట్టిగా గంతలు కట్టాను. పెన్సిల్ వంకరలు తిరుగుతూ, పాయలుగా చీలుతూ కాగితం కిందికి దిగింది. అది చూశాక ఇంకో అనుమానం పుట్టింది. మా తాత గని లోపల పనిచేసినవాడు. ఆయన చెప్పిన సొరంగాల దారులు కావు కదా ఇవి?

పక్కింటామె దగ్గర నోరు జారి ఆ మాట అనేశాను. వారం తిరక్కుండానే మామ కోసం ముగ్గురు వచ్చారు.

“బంగారం యాడుండాదో నీకు తెలుసంట కదా. ఆ మ్యాపులు ఇచ్చేయప్పా.”

“మ్యాపులు కాదప్పా, ఉత్త గీతలు.”

“ఉత్త గీతలైతే ఇంగ ఇచ్చేదానికేమి?”

మామ ట్రంకుపెట్టె తెరిచి, ఏళ్ళ తరబడి గీసినవన్నీ తీసి ఇచ్చేశారు. “బంగారం దొరికితే నాకూ చెప్పండప్పా” అన్నారు. నవ్వలేదు. ఆ కాగితాలు మళ్ళీ రాలేదు.

వాళ్ళకు ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. అడగకపోవడమే నన్ను తినేసింది. నెల తర్వాత నేనే ఒప్పుకున్నాను.

“తెలుసులేమ్మా” అన్నారు. “నాకూ అనుమానమే. చెయ్యే గీస్తాదా, నేనే దొంగతనంగా గీస్తానా అని. అది తేలేదాకా గీయాల్సిందే కదా” అన్నారు. మర్నాడే కొత్త కాగితాల కట్ట తెచ్చుకున్నారు.

ఆసుపత్రిలో చివరి రెండు రోజులు ఆయనకు మాట లేదు. చూపుడువేలు మాత్రం దుప్పటి మీద కదులుతూనే ఉండేది. నరాల వణుకని నర్సమ్మ చెప్పింది. కావచ్చు. నా అరచెయ్యి ఆ వేలి కింద పెట్టాను. వేలు ఒక్క క్షణం ఆగింది. తేల్చుకోవాలనిపించలేదు, కళ్ళు మూసుకున్నాను. అది నిదానంగా, నా మణికట్టు వైపు, ఒక గీత గీసుకుంటూ పోయింది.