ముడుపైపోయిన టమోటా

ఎండలు ముదిరినాయని మా వీధికి హనుమక్క గంపను చూస్తే తెలుస్తుంది. శివరాత్రి దాటి పెరట్లో టమోటా చెట్లు వాడుముఖం పట్టినాయంటే, మిగిలిన పచ్చికాయలన్నీ గంపకెత్తుకుని ఇంటింటికీ తిరుగుతుంది. వద్దంటే వినదు. "సగం పచ్చడి నూరుకోండి, సగం బియ్యంలో పెట్టుకోండి, పండుతాయి" అంటుంది. ఆమె గొంతు వినపడితే మా అమ్మ తలుపేసుకుంటుంది. మా బియ్యం డబ్బాలో ఇప్పుడు బియ్యం కంటే టమోటాలే ఎక్కువ.

కంబదూరులో హనుమక్కది మా పక్కిల్లు. అరవై దాటినాయి గానీ నోటికి ఇంకా వయసు రాలేదు. గుడ్డలుతికిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు చుక్క కూడా బయటికి పోనీయదు, కాలవ తీసి చెట్లకు మళ్లిస్తుంది. మొగుడు కొండప్ప స్నానం ఎగ్గొట్టిన రోజు, "చెట్లు ఎండిపోతాండాయి, పోయి నీళ్లు పోసుకో" అని అరిచేది వీధంతా వినేదే.

ఆ టమోటా వాళ్లమ్మ ఇచ్చిన నాటు రకం. సొట్టలు సొట్టలుగా ఉంటుంది, తోలు పలచన, పులుపుకు కన్ను మూతపడుతుంది. అంగట్లో దొరకదు. ఈ ఏడు ఆకుముడత వచ్చి చెట్లన్నీ ముడుచుకుపోయినాయి. తెగులు తగలనిది ఒక్కటే చెట్టు. విత్తనానికని దాని మీద మాగనిచ్చింది ఒక్కటే కాయ. తెగులు చెట్ల గింజ విత్తనానికి పనికిరాదు, పచ్చిగా కోసి బియ్యంలో మాగేసిన కాయ గింజ సరిగా మొలవదు కాబట్టి, ఆ కాయ పోతే ఆ రకమే పోయినట్టు. ఉడతలు కొరక్కుండా, ఎవరి పెండ్లిలోనో పెట్టిన పసుపు రవికె గుడ్డ చింపి కాయకు చుట్టి ముడేసింది. "దీన్ని ముట్టినోని చెయ్యి ఇరుగుతాది" అని వీధికంతా చెప్పింది.

ఉరవకొండ నుంచి వచ్చిన వియ్యపురాలికి మాత్రం చెప్పలేదు.

ఆ వియ్యపురాలు కదిరమ్మ, అంటే హనుమక్క కూతురి అత్త. భక్తి జాస్తి. పొద్దున్నే పెరట్లోకి పోయి, పసుపు గుడ్డ, దానికి ముడి చూసి ముడుపనుకుంది. మొక్కుకున్నోళ్లు పసుపు గుడ్డలోనే గదా కట్టేది. హనుమక్క నీళ్ల ట్యాంకరు కాడ బిందెలతో ఉన్నప్పుడు కాయ కోసుకుపోయి ఆంజనేయస్వామి గుళ్లో ఇచ్చి వచ్చింది.

"వదినా, పండు మెత్తబడతాండాది. మొక్కు ఆలస్యం చేయకూడదని నేనే చెల్లించొచ్చినా," అనింది నవ్వుతా.

కొండప్ప అయ్యుంటే చీపురు లేచుండేది. వియ్యపురాలిని ఏమంటుంది? కూతురు ఆ ఇంట్లోనే కాపురం చేయాల.

"మంచి పని చేసినావు వదినా," అనింది పళ్లు పటపట కొరుకుతా. గోడ మీంచి చూస్తాండే నా వైపు తిరిగింది. "రేయ్, కాలేజీ మానేసింది గోడలకు ఆనుకోనుండేదానికేనా? బండి తీయి."

గుళ్లో స్వామి ముందర పళ్లెంలో టమోటా ఉంది, గుడ్డతో సహా.

"ఏమప్పా మల్లికార్జునా, ఆ పండు నాది. ఇచ్చేయి," అనింది పూజారితో.

"స్వామికి ఇచ్చింది ఎట్ల తిరిగిస్తానక్కా? నువ్వు మొక్కుకున్నదే గదా."

"నేనేం మొక్కలేదు."

"మొక్కకుండానే పసుపు గుడ్డ కట్టినావా?"

"ఉడతలకు కట్టినా నాయనా."

"ఉడతలకు మొక్కేది ఇప్పుడే వింటాండా."

నేను మధ్యలో దూరి, "ఆంజనేయస్వామి టమోటాతో పప్పు చేసుకుంటాడా అన్నా?" అన్నాను. చదువు ఒంటబట్టనోనికి దేవుని సంగతి ఎందుకన్నాడు.

హనుమక్క కొంగు నడుముకు దోపింది. "సరే. టెంకాయ కొడితే ఏం చేస్తావప్పా?"

"ఒక చిప్ప స్వామికి, ఒక చిప్ప మీకు."

"మరి నా చిప్ప ఏదీ?"

పూజారి స్వామి వైపు చూసినాడు. నా వైపు చూసినాడు.

లోపలికి పోయి కత్తి తెచ్చినాడు. రసం కింద పడకుండా హనుమక్క అరచెయ్యి కింద పట్టింది. రెండు ముక్కలనూ తిప్పి తిప్పి చూసి, గింజలెక్కువుండేది తీసుకుంది.

"అది స్వామి ముక్కక్కా."

"స్వామి ఏమన్నా నారు పోస్తాడా?"

ఇంటికొచ్చి గింజలు బూడిదలో కలిపి, పిడకకు అంటించి, నీడలో ఆరబెట్టింది. కదిరమ్మ వంగి చూసింది.

"ఏంది వదినా ఇది?"

"ప్రసాదం వదినా."

కదిరమ్మ రెండు చేతులూ ఎత్తి పిడకకు దండం పెట్టింది. "నేను పోయేటప్పుడు మా ఇంటికి ఒక తునక విరిచియ్యి," అనింది.

హనుమక్క స్టూలేసుకుని పిడకను అటక ఎక్కించింది.