యువాన్ నోట్లు నేర్పిన ఆంటీ

మంగళవారం పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. ఆంటీ కూతురు. "అమ్మ పోయింది అక్కా, నిద్దట్లోనే," అంది. ఇంకేం చెప్పాలో తోచక, "షాప్ తెరిచారా?" అని అడిగింది. తెరిచానన్నాను. నిజానికి షట్టర్ సగంలోనే ఆగిపోయింది. దాని కింద వంగి అలాగే నిలబడిపోయాను.

ఆంటీ నాకు చుట్టం కాదు. లిటిల్ ఇండియాలో నేను పనిచేసే డబ్బు మార్పిడి దుకాణంలో, నా పక్క కుర్చీలో ఆరేళ్లు కూర్చున్న పెద్దావిడ. తాతల నాడే సింగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం, వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాట్. ఆమె తెలుగులో సగం తమిళం, పావు వంతు మలయ్, ఖాళీ దొరికిన చోటల్లా సింగపూర్ వాళ్ల ఊతపదం 'లా'. ఎదురింటి చైనీస్ పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది కాబట్టి మాండరిన్ కూడా గడగడా మాట్లాడేది. చైనా మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

నేను కాకినాడ నుంచి బీకాం పట్టాతో, దానికి రెట్టింపు పొగరుతో దిగాను. మొదటి వారంలోనే ఒకాయన ఐదువందల 'క్వాయ్' కావాలంటే, అది ఏ దేశపు డబ్బో అని రేట్ల బోర్డంతా వెతికాను. ఆంటీ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"చైనా డబ్బే పాపా. పేరు రెన్‌మిన్‌బి, లెక్క యువాన్‌లో, నోటితో అనేది క్వాయ్. నీకు ఇంట్లో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు లేదా?"

నోట్లన్నిటి మీదా ఒకే నాయకుడి బొమ్మ ఉండటంతో మొదట్లో నాకు తికమకగా ఉండేది. మొహం వదిలేసి రంగు చూడమంది. వంద ఎరుపు, యాభై ఆకుపచ్చ, ఇరవై గోధుమరంగు, పది నీలం. పొద్దున్నే దుకాణంలో జనం లేనప్పుడు ఇరవై నోటును ట్యూబ్‌లైటుకు ఎత్తి, కాగితం లోపల దాగిన తామరపువ్వును చూపించేది. పది నోటులో గులాబీ. ఎన్నిసార్లు చూసినా ఆమెకు విసుగు లేదు. ఆ సంబరం చూడటానికే నేను పది నిమిషాలు ముందు వెళ్లేదాన్ని.

దొంగ నోట్లు ఎక్కువగా వందల్లోనే వస్తాయి. "దొంగ అనుకుంటే ముందు కాలర్ పట్టుకో," అనేది. బొమ్మలోని కోటు కాలర్ మీద గోటితో గీస్తే అసలు నోటు గరుకుగా తగులుతుంది. తర్వాత నోటును వాలుగా తిప్పితే మధ్యలోని పెద్ద వంద అంకె బంగారు రంగు నుంచి ఆకుపచ్చకు మారాలి. ఆఖరున నీలి దీపం, అంటే అల్ట్రావయొలెట్ లైటు. దాని కింద అసలు కాగితం మసగ్గానే ఉంటుంది, మామూలు కాగితం తెల్లగా వెలిగిపోతుంది. "దీపం సాక్షి మాత్రమే, జడ్జి కాదు లా," అని రోజూ చెప్పేది. నాకేమో దీపమే ముద్దు. చప్పున తేలిపోతుంది కదా! ఆమెకున్న ఇంకో అలవాటు కూడా నాకు అబ్బలేదు. అనుమానం వస్తే నోటును కౌంటర్ కిందకు దించి, తలొంచుకుని చూసేది. లైన్లో ఉన్నవాళ్ల ముందు ఎవరూ చిన్నబోకూడదని ఆమె పట్టుదల.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంటీ మకాన్, అంటే తిండి, తెచ్చుకోవడానికి వెళ్లింది. తువాస్‌లో ఓడలకు వెల్డింగ్ చేసే శ్రీకాకుళం మనిషి ఒకడు వంద యువాన్ నోట్లు ఎనిమిది నా ముందు పెట్టాడు. మడత లేకుండా, నునుపుగా ఉన్నాయి. గోటికి గరుకు సరిగ్గా తగల్లేదు. దీపం కింద పెడితే ఎనిమిదీ తెల్లగా వెలిగాయి.

"ఇవి దొంగ నోట్లండీ," అన్నాను, లైనంతా వినపడేలా.

"ఏటండీ అలాగంటారు? రెండేళ్లు ఒకే ఓడ కింద పడుకుని వెల్డింగ్ సేసినామండి, నానూ ఆ చైనా అన్నా. నాకు కూతురు పుట్టిందని, ఆడు దేశం ఎల్లిపోయిన్రోజు ఎర్ర కవర్లో ఎట్టి ఇచ్చినాడు. ఆడు నన్ను మోసం సేస్తాడా?"

నేను దీపం వైపు చూపించాను. అతను కాసేపు ఆ వెలుగును చూశాడు. తర్వాత ఫోన్ తీసి, వచ్చీరాని ఇంగ్లీషులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బ్రదర్, వై యూ గివ్ మీ డూప్లికేట్? నో బ్రదర్. ఫినిష్." 

రూలు ప్రకారం పోలీసులకు చెప్పాలి. నేను రిసీవర్ ఎత్తేలోపు ఆంటీ వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది. నోట్లు కౌంటర్ కిందకు తీసుకుంది. గోటితో కాలర్ అంచుల్లో నెమ్మదిగా గీసింది. వాలుగా తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తంబీ, బట్టలకి ఏ సబ్బు పొడి వాడతావు?"

అతను తల దించుకున్నాడు. "నిమ్మకాయ వాసనదండి. కవరు జేబులో ఉండగానే యూనిఫాం మిషన్లో ఏసేసినాను. తడిసిన నోట్లంటే మీరు తీసుకోరని, ఆరబెట్టి ఇస్త్రీ సేసినాను."

సబ్బులో బట్టలు తెల్లబరిచే మందు ఉంటుందట, నీలి దీపం కింద వెలిగేది అదేనట. ఇస్త్రీ పెట్టె గరుకును అణిచేసింది. అయినా కాలర్ అంచుల్లో కాస్త మిగిలే ఉంది, వంద అంకె తిప్పినప్పుడల్లా ఆకుపచ్చకు మారుతూనే ఉంది. అవన్నీ నేను దీపం కన్నా ముందు చూడవలసినవి.

"ఎనిమిదీ మంచివే తంబీ. నీ ఫ్రెండ్‌ని ఏమీ అనకు లా."

"అనేసినానండి," అన్నాడతను.

ఆంటీ ఫోన్ కోసం చెయ్యి చాపింది. ఆ చైనా స్నేహితుడికి కాల్ కలిపి, మాండరిన్‌లో చాలాసేపు మాట్లాడింది.  తర్వాత లైనంతటికీ వినపడేలా ఒక నవ్వు. "పాపకి ఇచ్చిన నోట్లకి నువ్వు స్నానం చేయించావా అంటున్నాడు," అని ఆంటీ చెప్పగానే వెల్డర్ నవ్వుతూ మొహం తుడుచుకున్నాడు. నోట్లు మార్చుకోకుండానే తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం చల్లారిపోయిన నూడుల్స్ తింటూ ఆంటీ నన్ను ఒక్క మాటే అంది. "మనం నోటుని దొంగ అంటే, ఇచ్చినవాడిని కూడా అన్నట్టే పాపా." అంతే. ఇంకెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అంత తప్పు చేసినదాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటినుంచి నేర్పింది. ఆమెకు నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోనేలేదు.

ఆ మంగళవారం సాయంత్రం ఆమె ఫ్లాట్ కింద ఖాళీ జాగాలో కుర్చీలు వేసి, ఫొటో పెట్టారు. నేను కబురు పెడితే వెల్డర్ తువాస్ నుంచి యూనిఫాంతోనే వచ్చాడు. ఫొటోకు దండం పెట్టి, ఫోన్ తీసి వీడియో కాల్ చేశాడు. తెరమీద దళసరి కోటు వేసుకున్న ఆ చైనా స్నేహితుడు కనిపించాడు. వచ్చీరాని ఇంగ్లీషు తప్ప ఇద్దరికీ కలిసిన భాష ఇప్పటికీ లేదు. వెల్డర్ ఫోన్‌ను ఆంటీ ఫొటో వైపు తిప్పాడు. అవతలి మనిషి టోపీ తీసి, వాళ్ల దేశపు పద్ధతిలో నడుము వంచి నమస్కరించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి వంగినవాడు ఎంతసేపటికీ తల ఎత్తలేదు. అతను ఎత్తేదాకా వెల్డర్ రెండు చేతులతో ఫోన్‌ను కదలకుండా పట్టుకునే ఉన్నాడు.