తల్లి సంతకం పెట్టిన ఉత్తరం

విద్యాహక్కు చట్టం వచ్చిన కొత్తలో నాచారంలోని ఒక ప్రైవేటు బడికి నేను న్యాయ సలహాదారుని. మా అమ్మాయి కూడా అక్కడే ఎనిమిదో తరగతి చదివేది. ఉప్పల్ చుట్టుపక్కల ఆడ లాయర్లకు అంత నికరమైన పని దొరకడం కష్టం. వదులుకునే ఆలోచనే ఉండేది కాదు.

ఒకరోజు కరస్పాండెంటు గారు పిలిపించారు. రెండో తరగతిలో ఆటిజం ఉన్న పాప ఒకతి ఉంది. గంట మోగితే చెవులు మూసుకుని కేకలు పెట్టేది. ఆపబోయిన టీచరు చేతిని కొరికిందట.

"పంపించేయాలండీ. మిగతా పేరెంట్స్ ఊరుకోవడం లేదు," అన్నారాయన.

"ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లనీ బడి నుంచి తీసేయకూడదండీ. కొత్త చట్టం ఒప్పుకోదు."

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది! మేం పంపినట్టు ఉండకూడదు. వాళ్లే వెళ్లినట్టు ఉండాలి."

ఆ పూటే ఉత్తరం రాసిచ్చాను. పాప ఆరోగ్యం దృష్ట్యా ఇష్టపూర్వకంగా టీసీ కోరుతున్నామని నాలుగు వాక్యాలు. కింద తల్లి సంతకానికి చోటు వదిలాను.

పది రోజుల తర్వాత, ఆదివారం పూట, చిల్కానగర్‌లోని మా ఇంటికి, గేటు మీద లాయరు బోర్డు చూసి, ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తానంది. పాప లోపలికి రాలేదు. గేటు గడియ తీస్తూ, వేస్తూ అక్కడే నిలబడింది.

"మేడం, జర ఈ కాయితం సూడున్రి. సంతకం వెట్టు, పాపకు మంచిగైనంక మల్ల తీస్కుంటం అన్నరు. వెట్టిన. ఇప్పుడు గేటు కాడికి గూడ రానిస్తలేరు."

కాగితం విప్పకముందే అది నేను రాసిన ఉత్తరం నకలని తెలిసిపోయింది.

"ఈ కేసు నేను తీసుకోలేనమ్మా. ఆ బడికి లాయర్ని నేనే," అన్నాను. ఆమె లేవబోయింది. కూర్చోమన్నాను. ఉత్తరం రాసింది కూడా నేనేనని మాత్రం చెప్పలేదు. కాగితం, పెన్నూ ఇచ్చి, మోసపోయి సంతకం పెట్టాననీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ ఆమె చేతే రాయించాను. చట్టంలోని సెక్షన్ కూడా చెప్పాను.

ఆ వారమే కరస్పాండెంటు గారు ఆ కాగితం నా ముందు పెట్టారు. "ఈవిడకి సెక్షన్లు ఎవరు చెప్పారంటారు?"

"ఎవరు చెప్పినా ఉన్నదే రాసింది. చేర్చుకోక తప్పదు," అన్నాను, ఆయన ముఖం చూడకుండా.

చేర్చుకున్నారు. నెల తిరగకుండానే మా అమ్మాయి అన్నం తింటూ చెప్పింది: "అమ్మా, ఆ పాపని ఆఫీసు పక్క గదిలో ఒక్కదాన్నే కూర్చోబెడుతున్నారు. తలుపు గడియ పెడుతున్నారు."

మర్నాడే వెళ్లి అడిగాను.

"చేర్చుకోమన్నారు, చేర్చుకున్నాం," అన్నారాయన. ఆ వెంటనే, "మీ అమ్మాయి బాగా చదువుతోందండీ. టెన్త్‌లో మన బడికి మంచి పేరు తెస్తుంది," అన్నారు. బెదిరించినట్టు ఒక్క మాట లేదు. టీ తెప్పించారు. తాగి వచ్చేశాను. అధికారులకు ఫిర్యాదు చేయవచ్చని నాకు తెలుసు. ఎవరికి, ఎలా రాయాలో కూడా తెలుసు. రాయలేదు. ఆ తర్వాత బడికి వెళ్లినప్పుడల్లా ఆ గది వైపు కాకుండా వెనక మెట్ల మీదుగా ఎక్కేదాన్ని.

దసరా సెలవుల తర్వాత ఆ పాప రాలేదు. ఈసారి తల్లే మానిపించింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి, రోజు విడిచి రోజు బందులు జరుగుతున్న కాలంలో, ఉప్పల్ బస్టాపులో ఆ తల్లీకూతుళ్లు కనిపించారు. హబ్సిగూడలో మాటలు నేర్పే చోటికి తీసుకెళ్తున్నానంది. "అప్పుడు మీరొక్కరే సాయం జేసిన్రు మేడం."

ఇక ఆగలేకపోయాను. "ఆ మొదటి కాయితం రాసింది నేనేనమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "గట్లనా," అంది. తిట్టలేదు. వాళ్ల బస్సు ఇంకా రాలేదు. అయినా పాప చెయ్యి పట్టుకుని, నాకు దూరంగా, స్టాపు అవతలి చివరికి వెళ్లి నిలబడింది.

మా అమ్మాయి టెన్త్ అయ్యేదాకా నేను ఆ బడికి పనిచేస్తూనే ఉన్నాను.